దొంగ రాత్రులు

కొండ మీద టెలిస్కోపు ఇంకా లేదు.
డైనమైటు పెట్టి చదును చేసిన శిఖరం,
గుండ్రటి కాంక్రీటు గోడ,
దాని నడుమ తిరిగే పొడి గాలి. అంతే.
కింద లా సెరెనాలో, చేపల బజారు వెనక వీధిలో,
మరిత్సా ఒయానెదెల్ అప్పుడే
దాని నాలుగువందల పదకొండో రాత్రిని
కంప్యూటర్లో వండుతోంది.

ముందు నక్షత్రాలు. అవి తేలిక.
కేటలాగులోంచి దోసిళ్లతో తీసి చల్లితే చాలు,
ముగ్గు కలపక ముందటి చుక్కల్లా
సూదిమొనంత, నిక్కచ్చిగా నిలబడతాయి.
అసలు పని తర్వాత మొదలవుతుంది:
చెడగొట్టడం.

గాలిని పొరలు పొరలుగా పేర్చి
ఒక్కో పొరని ఒక్కో దిక్కుకి తోలుతుంది.
చుక్క వణుకుతుంది, ఉబ్బుతుంది,
నీళ్లలో పడ్డ సున్నపుబొట్టులా అంచులు పోగొట్టుకుంటుంది.
అద్దాన్ని దాని బరువుకే
వెంట్రుకలో వెయ్యో వంతు వంగనిస్తుంది.
చంద్రుణ్ణి దశమికి జరిపి
ఆకాశమంతా పల్చటి మజ్జిగ పోస్తుంది.
ఎక్కణ్ణుంచో వచ్చి చిప్పుని గీరి పోయే విశ్వకిరణాలకి
పాచికలు వేసి చోటు చూపిస్తుంది.
చచ్చిన పిక్సెళ్లు పదిహేడు.
ఏవి చావాలో కూడా తనే రాయాలి.

"ఇంత అందాన్ని ఇంత ఓపిగ్గా పాడుచేస్తే
జీతం కూడా ఇస్తారా?"
బొప్పాయి మురబ్బా సీసాలకి లేబుళ్లు అంటిస్తూ
చెల్లెలు ఎదూలియా అడుగుతుంది.

ఇస్తారు. రేపు అసలు బొమ్మల్ని చదవాల్సిన ప్రోగ్రాము
నిజాన్ని చూసేలోపు
అబద్ధం మీద చెయ్యి తిప్పుకోవాలి.
ఏ మసకలో ఏం దాచిందో తనకి తెలుసు గనక
దానికి మార్కులు వెయ్యగలదు.
ఆ ఊళ్లో పసిబిడ్డ మణికట్టుకి ఎర్ర ఊలుదారం కడతారు,
మనమైతే బుగ్గన దిష్టిచుక్క పెడతాం.
ఈ పిల్లకి ఆ పదిహేడు చుక్కలు.

ఒక మంగళవారం దోన్ బౌతీస్తా అరాయా వచ్చాడు.
పాత కొండ మీద ముప్పైనాలుగేళ్ల రాత్రి డ్యూటీ;
రిటైరయ్యాక కూడా పొద్దెక్కేదాకా నిద్రపోయే మనిషి.
మరిత్సా ఏమీ చెప్పకుండా ఒక బొమ్మ చూపించింది.
ముక్కు తెరకి ఆనించి చాలాసేపు చూశాడు.
"ఏ రాత్రి ఇది?"
"మీరే చెప్పండి."
"ఇది రాత్రి కాదమ్మా.
ఇందులో ఎవరికీ చలి వెయ్యలేదు."

ఉత్తరపు గాలి లేస్తే, మూడు గంటలప్పుడు,
డోము సన్నగా మూలుగుతుందట.
చుక్కలన్నీ ఒకే పక్కకి గుడ్డులా సాగుతాయట.
రాగి గని లారీ మలుపు తిరిగినప్పుడు
ఎడమ మూల వంపుగా తెల్లబడుతుందట.
సముద్రం మీంచి కమంచాక పొగమంచు
లోయంతా కప్పిన రాత్రి మాత్రం
ఊరి దీపాలు దాని కింద మునిగి
ఆకాశం ఇంకో మెట్టు నల్లబడుతుందట.
"ఆ నలుపు నువ్వు చూళ్లేదు" అన్నాడు,
దూషిస్తున్నట్టు కాదు, జాలిగా.

రొట్టె పొట్లం వెనక అన్నీ రాసుకుంది.
పొగమంచుకి వారం పట్టింది.
లారీకి ఒక్క పూట.

ఆరేళ్లకి అద్దం కొండెక్కింది.
మొదటి రాత్రి గాలినీ చంద్రుణ్ణీ కొలిచి,
తన మోడల్లో పోసి, దొంగ బొమ్మ తీసి,
అసలులోంచి దాన్ని తీసేసింది మరిత్సా.
తెర ఇంచుమించు ఖాళీ.
కింద కుడివైపున మాత్రం చిన్న తెల్లటి మసక.
అది తను పెట్టింది కాదు.
ఫైలంతా మూడుసార్లు వెతికింది. కాదు.
గదిలోని పన్నెండుమందీ దాని చుట్టూ మూగారు,
ఎవరో కుర్చీ కూడా ఎక్కారు.

ఆమె చూపు ఎడమ మూల ఆగింది.
అక్కడ నల్లటి వంపు గీత ఒకటి,
తెల్లగా ఉండాల్సింది రాకపోతే
తీసివేతలో మిగిలే నలుపు.

ఫోన్లో దోన్ బౌతీస్తా దగ్గాడు, నవ్వాడు.
"గని మూసేసి రెండేళ్లయింది.
నా లారీ ఇంకా తిరుగుతోందా నీ దగ్గర?"

ఆ వరస చెరిపెయ్యాలి, నిజమే.
ముందు ఒక గుర్తు పెట్టి
కంప్యూటరు దాన్ని చదవకుండా మాత్రం చేసింది.
అక్షరాలు అక్కడే ఉన్నాయి,
దీపాలార్పి మలుపులో ఆపిన బండిలా.